దృక్కు – గణితం – రఘునాథాచారి నక్షత్రం

ఉగాదికి కొన్న రెండు పంచాంగాలు ఒకే పండుగను రెండు రోజులలో చూపడం తెలుగు ఇళ్లలో కొత్త కాదు. ఒకటి పూర్వసిద్ధాంతాన్ని అనుసరించి గుణించినది. మరొకటి దృగ్గణితాన్ని, అనగా కంటికి కనబడే గ్రహస్థితిని అనుసరించి దిద్దుకొన్నది. ఇంటివారు పురోహితుణ్ణి అడుగుతారు, ఆయన తన సంప్రదాయం ఏదో చెబుతాడు, పండుగ గడచిపోతుంది. వివాదం మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

ఇంచుమించు ఇటువంటి వివాదమే నేడు యావద్విశ్వాన్ని గురించి నడుస్తున్నది. విశ్వం వ్యాకోచిస్తున్నదని ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. ఎంత వేగంతో వ్యాకోచిస్తున్నదన్న ప్రశ్నకు మాత్రం శాస్త్రజ్ఞులు రెండు అంకెలు చెబుతున్నారు. నక్షత్రాలను చూసి కొలిచిన వారిలో ఎక్కువమంది 73 అంటారు. విశ్వం శైశవంలో ఉన్నప్పటి కాంతిని ఆధారంగా తీసుకొని, అక్కడనుండి సిద్ధాంతరీత్యా నేటికి గుణించుకొని వచ్చినవారు 67 అంటారు. ఇక్కడ ఒకటి దృక్కు, ఇంకొకటి గణితం.

నేను తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి. ఉభయభాషాప్రవీణ చదువులో ఖగోళశాస్త్రం లేదు. అయినా పదవీ విరమణ తరువాత తీరిక దొరికి, ఈ విషయాన్ని ఓపికగా చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒక సంగతి నన్ను ఆకట్టుకొన్నది. మద్రాసులో కూర్చుని పంచాంగాలను దృక్సిద్ధంగా దిద్దాలని పోరాడిన ఒక పండితుడు, 1867లోనే ఒక స్పందన నక్షత్రాన్ని కనిపెట్టాడు. ఆయన కనిపెట్టిన జాతి నక్షత్రాలే 153 ఏళ్ల తరువాత ఈ 73, 67 వివాదంలో సాక్ష్యం చెప్పడానికి వచ్చాయి. ఆ కథను నాకు తెలిసినంతలో మన భాషలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీపస్తంభం లెక్క

ముందుగా మూలసూత్రం చెప్పుకోవాలి. రాత్రివేళ దూరాన ఒక దీపం కనబడుతున్నది. అది ఎంత దూరంలో ఉన్నది? కాంతిని బట్టి చెప్పలేము. దగ్గరలోని చిన్న బుడ్డిదీపమూ, దూరాన ఉన్న పెద్ద పెట్రోమాక్సు దీపమూ కంటికి ఒకేలా కనబడవచ్చు. అయితే ఆ దీపం అసలు శక్తి ఎంతో ముందుగా తెలిసి ఉంటే చిక్కు విడిపోతుంది. దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లైతే తొమ్మిదో వంతు అవుతుంది. కనుక అసలు శక్తి, కనబడే కాంతి – ఈ రెండూ తెలిస్తే దూరం లెక్కకు వస్తుంది.

మా నెల్లూరు తీరంలో ఈ సూత్రాన్ని వేరే చెప్పనక్కరలేదు. నేను పనిచేసిన బడిలో సగంమంది పిల్లలు సముద్రపు వేట మీద బ్రతికే ఇళ్లవారు. ఒకసారి పాఠం మధ్యలో దీపస్తంభం మాట వచ్చినప్పుడు, “చీకట్లో ఏ దీపం ఏదో మీవాళ్లకు ఎలా తెలుస్తుందిరా?” అని అడిగాను. “ఎంచుకుంటారు గదా అయ్యోరా! కృష్ణపట్నం దీపం ఒక లెక్కన ఆరిపోయి వెలుగుతాది, ఇంకో ఊరి దీపం ఇంకో లెక్కన వెలుగుతాది” అన్నాడొక కుర్రవాడు. ప్రతి దీపస్తంభానికీ తనదైన మినుకు కాలం ఉంటుంది. ఆ కాలం ఎంచితే దీపం పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తే దాని శక్తి ఎంతో నావికుల పుస్తకంలో వ్రాసి ఉంటుంది.

ఆకాశంలోనూ అటువంటి దీపస్తంభాలు ఉన్నాయి. క్రమం తప్పని కాలంలో కాంతి పెరిగి తగ్గే నక్షత్రాలవి. వాటి మినుకు కాలాన్ని బట్టి అసలు శక్తి తెలుసుకోవచ్చునని కనిపెట్టడమే ఆధునిక ఖగోళశాస్త్రంలోని మహత్తరమైన ఘట్టం.

ఇద్దరు బధిరులు

నక్షత్రాలు మార్పులేనివని ప్రాచీనుల నమ్మకం. 1596లో డేవిడ్ ఫబ్రీషియస్ అనే జర్మన్ మతబోధకుడు తిమింగిల మండలంలో ఒక నక్షత్రం కొన్నాళ్లు కనబడి మాయమవడం గమనించాడు. అది సుమారు పదకొండు నెలలకొకసారి తిరిగి వెలుగుతుందని తరువాతి వారు తేల్చారు. దానికి ‘మీరా’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు ‘అద్భుతం’ అని అర్థం, మన మీరాబాయికీ దానికీ సంబంధం లేదు. అటువంటి దీర్ఘకాల నక్షత్రాలన్నిటినీ నేడు మీరా జాతి అంటున్నారు.

1784లో ఇంగ్లండులోని యార్కు నగరంలో ఇద్దరు మిత్రులు వేరొక జాతిని కనుగొన్నారు. ఎడ్వర్డ్ పిగాట్ సెప్టెంబరులో గరుడ మండలంలోని ఈటా నక్షత్రాన్ని పట్టుకొన్నాడు. కొద్ది వారాలకే జాన్ గుడ్‌రిక్ సెఫియస్ మండలంలోని డెల్టా నక్షత్రాన్ని పట్టుకొన్నాడు. మొదటిది సుమారు 7 రోజులకు, రెండవది 5 రోజుల 9 గంటలకు ఒక ఆవృత్తి పూర్తి చేస్తాయి. రెండవదాని పేరు మీదనే ఈ జాతికి ‘సెఫీడ్లు’ అనే పేరు వచ్చింది. గుడ్‌రిక్ పసితనంలోనే వినికిడి కోల్పోయినవాడు. 1786లో, తన 21వ ఏట మరణించాడు.

ఈ నక్షత్రాల రహస్యాన్ని విప్పినది కూడా వినికిడి తగ్గిన వ్యక్తే కావడం విశేషం. హెన్రియెటా స్వాన్ లెవిట్ అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో గణకురాలు. పెరూ దేశంలోని అరెకీపాలో తీసి పంపిన గాజుపలకల ఛాయాచిత్రాలను భూతద్దంతో పరిశీలించి, మారుతున్న చుక్కలను గుర్తించడం ఆమె పని. గంటకు 30 సెంట్ల వేతనం. 1908లో మెజెల్లన్ మేఘాలలోని 1,777 చంచల నక్షత్రాల పట్టికను ప్రకటించింది. అందులో పెద్ద కాలం కలవి ఎక్కువ ప్రకాశంగా ఉన్నాయని ఒక చిన్న వాక్యం కూడా వ్రాసింది. 1912లో చిన్న మేఘంలోని 25 నక్షత్రాలను తీసుకొని ఆ సంబంధాన్ని గీతగా గీసి చూపింది. ఆ మేఘంలోని నక్షత్రాలన్నీ మనకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి కనుక, కనబడే కాంతిలోని తేడా అసలు శక్తిలోని తేడాయే. ఆమె వాదంలోని బలమంతా ఆ ఒక్క ఊహలో ఉన్నది.

లెవిట్ 1921లో మరణించింది. ఆ సంగతి తెలియక 1925లో స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఆమెను నోబెల్ బహుమతికి ప్రతిపాదించదలచి ఉత్తరం వ్రాశాడు. గుర్తింపు ఆలస్యమైతే ఎంత నిరుపయోగమో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

మద్రాసు వేధశాల

ఇక మన వైపు చూద్దాం. నెల్లూరికి దక్షిణాన మద్రాసు ఉన్నది. నాటి తెలుగు జిల్లాలకు అదే రాజధాని, అదే విద్యాకేంద్రం. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి సొంతంగా నెలకొల్పిన చిన్న వేధశాల, 1792 నాటికి నుంగంబాకంలో కంపెనీ వేధశాలగా స్థిరపడినది. విశాఖపట్నంలో 1840లో సొంత వేధశాలను నిర్మించిన గోడే వెంకట జగ్గారావు గారు కూడా ఇక్కడికి వచ్చి శిక్షణ పొందినవారే.

1861లో ఈ వేధశాలకు అధిపతిగా వచ్చినవాడు నార్మన్ పాగ్సన్. అంతకు అయిదేళ్ల ముందే ఆయన ఒక ముఖ్యమైన కొలమానం ప్రతిపాదించాడు. నక్షత్రాలను మొదటి తరగతి, రెండవ తరగతి అని కాంతిని బట్టి విభజించడం గ్రీకుల కాలం నుండి ఉన్నది. ఆ తరగతుల మధ్య నిష్పత్తి ఎంత ఉండాలో ఎవరూ నిర్ణయించలేదు. అయిదు తరగతుల భేదం నూరు రెట్ల కాంతికి సమానం కావాలని, అనగా ఒక్కొక్క తరగతికి సుమారు 2.512 రెట్లు ఉండాలని పాగ్సన్ 1856లో సూచించాడు. నేటికీ ప్రపంచమంతటా అదే వాడుకలో ఉన్నది. లెవిట్ గీసిన గీతలో నిలువు కొలత ఆ తరగతులే. హబుల్ వాడినదీ ఆ కొలతే.

పాగ్సన్ వద్ద ప్రథమ సహాయకుడుగా పనిచేసినవారు చింతామణి రఘునాథాచారి. ఆయన 1867లో దక్షిణాకాశంలో ‘రెటిక్యులం’ అనే చిన్న మండలంలో ఒక నక్షత్రం కాంతి మారుతున్నదని కనిపెట్టారు. ఒక మండలంలో మొదట దొరికిన చంచల నక్షత్రానికి ‘ఆర్’ అక్షరం ఇవ్వడం ఆనాటి సంప్రదాయం. కనుక దానికి ‘ఆర్ రెటిక్యులై’ అనే పేరు స్థిరపడినది. దాని ఆవృత్తి కాలం సుమారు 9 నెలలు. అది మీరా జాతికి చెందిన స్పందన నక్షత్రం. మిక్కిలి వెలిగినప్పుడు కూడా సామాన్యంగా దుర్భిణి సాయం కావలసినంత మసక చుక్క. ఆధునిక కాలంలో ఒక భారతీయుడు కనిపెట్టిన మొదటి చంచల నక్షత్రంగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు.

రెటిక్యులం అంటే లాటిన్‌లో చిన్న వల. దుర్భిణిలో కొలతల కోసం అమర్చే సన్నని దారాల జాలిక జ్ఞాపకార్థం లకాయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 18వ శతాబ్దంలో పెట్టిన పేరది. మనం దానిని జాలిక మండలం అనుకొందాం. మా తీరం నుండి చూస్తే అది దక్షిణ దిగంతానికి కొంచెం పైన, పది పన్నెండు అంశల ఎత్తున మాత్రమే, పుష్య మాసపు రాత్రులలో కనబడి దిగిపోతుంది. మద్రాసులోనూ అంతకంటె ఒకటి రెండు అంశలే ఎక్కువ. అంత కిందికి వంగిన ఆకాశంలో, దిగంతపు మసకలో, నెలల తరబడి ఒక చుక్కను మిగిలిన చుక్కలతో పోల్చి మార్పును పట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఆ మరుసటి సంవత్సరం, 1868 ఆగస్టు 18న, తెలుగునాట సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినది. పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. రఘునాథాచారి మరొక బృందాన్ని వనపర్తికి తీసుకొని వెళ్లారు. ఫ్రెంచివాడైన జాన్సెన్ గుంటూరులో విడిది చేశాడు. ఆ గ్రహణంలో సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటంలో ఒక పసుపుపచ్చని గీత పరిశీలకుల కంట పడినది. అది అప్పటికి భూమి మీద ఎరుగని పదార్థానిదని తరువాత తేలినది. సూర్యుని గ్రీకు పేరు మీద దానికి ‘హీలియం’ అనే పేరు వచ్చింది.

సెఫీడ్ల గుండె కొట్టుకొనడానికి కారణం కూడా ఈ హీలియమే. అన్నం కుండ మీద మూత వేసి ఉడికిస్తే ఏమవుతుంది? ఆవిరి లోపల చేరి మూతను ఎత్తుతుంది, ఆవిరి పోగానే మూత మళ్లీ పడుతుంది. సెఫీడ్ లోపల ఒక పొరలో ఉన్న హీలియం, నొక్కుకొన్నప్పుడు కాంతిని దాటనీయక మూతలాగ పట్టి ఉంచుతుంది. లోపల వేడి పెరిగి నక్షత్రం ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు ఆ పొర పలుచబడి కాంతిని విడిచిపెడుతుంది. అప్పుడు నక్షత్రం కుంచించుకొని మళ్లీ మొదటికి వస్తుంది. నక్షత్రం పెద్దదైతే ఈ ఊపిరి నిదానం. పెద్ద నక్షత్రానికి కాంతీ ఎక్కువే. కాలానికీ కాంతికీ సంబంధం ఇందువల్లనే ఏర్పడినది.

రఘునాథాచారి 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికైనారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయులలో ఆయన ఒకరు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని తెలిసి, ఆ విషయాన్ని ప్రజలకు బోధించడానికి దేశభాషలలో చిన్న పుస్తకాలు వెలువరించారు. దృగ్గణిత పంచాంగాన్ని ప్రకటించి, కంటికి కనబడే ఆకాశంతో సరిపోలని లెక్కలను దిద్దుకోవాలని వాదించారు. 1880లో కీర్తిశేషులైనారు. 1891లో పాగ్సన్ కూడా మద్రాసులోనే మరణించాడు. 1899లో ఖగోళ పరిశీలన కొడైకెనాల్‌కు తరలిపోయినది.

బేగంపేట దుర్భిణి

తెలుగునాట చంచల నక్షత్రాల పరిశీలన తరువాత హైదరాబాదులో సాగినది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దుర్భిణిని తెప్పించి సొంత వేధశాలను ఆరంభించాడు. ఆయన అనంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటలో నిజామియా వేధశాలగా నడిపినది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరినది. అక్కడ మొదటి పెద్ద పని, ప్రపంచ దేశాలన్నీ పంచుకొన్న ఆకాశ పటనిర్మాణంలో హైదరాబాదు వంతు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి 12 సంపుటాలుగా ప్రకటించారు. టి.పి.భాస్కరన్ సంచాలకత్వంలో 1922లో గ్రబ్ దుర్భిణి పనిలోకి వచ్చి, దానితో చంచల నక్షత్రాల పరిశీలన మొదలైనది.

అదే వేధశాలలో సహాయకుడుగా పనిచేసిన ఒకాయన కుమారుడు ఆ దుర్భిణుల మధ్యనే పెరిగాడు. నిజాం కళాశాలలో చదువుతూనే చంచల నక్షత్రాల మీద వ్యాసాలు ప్రచురించాడు. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనం మీద 1949లో లెవిట్ పనిచేసిన ఆ హార్వర్డ్‌కే వెళ్లాడు. ఆయనే వైను బప్పు. 1957లో ఆయన, ఓలిన్ విల్సన్ కలిసి, కొన్ని నక్షత్రాల వర్ణపటంలోని కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రపు అసలు కాంతిని చెప్పవచ్చునని చూపారు. మినుకు కాలం బదులు గీత వెడల్పు. దారి వేరైనా ప్రశ్న అదే: ఈ దీపం అసలు శక్తి ఎంత?

ఉస్మానియావారు 1968లో జపాల-రంగాపూరులో 48 అంగుళాల దుర్భిణిని నెలకొల్పారు. బేగంపేటలోని పాత ఆవరణలో నేడు ఆర్థిక సామాజిక అధ్యయన సంస్థ ఉన్నది.

అంకె మారిన తీరు

ఇక అసలు అంకె కథ. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల దుర్భిణితో ఆండ్రోమెడా నీహారికలో ఒక సెఫీడ్‌ను పట్టుకొన్నాడు. లెవిట్ సూత్రం ప్రకారం దాని దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని తేలినది. అనగా అది మన పాలపుంతలోని మబ్బు కాదు, వేరొక నక్షత్ర సముదాయం. విశ్వం ఒక్క పెట్టున విశాలమైపోయినది.

నీహారికలలో చాలా వాటి కాంతి ఎరుపు వైపు జరిగి ఉన్నదని, అనగా అవి మననుండి దూరంగా పోతున్నాయని వెస్టో స్లైఫర్ అప్పటికే కొలిచి ఉన్నాడు. 1927లో బెల్జియం మతాచార్యుడు లెమైత్ర్, 1929లో హబుల్, దూరం పెరిగేకొద్దీ వేగం పెరుగుతున్నదని చూపారు. ఇక్కడ కొలమానం చెప్పుకోవాలి. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకు ఎన్ని కిలోమీటర్ల చొప్పున వేగం పెరుగుతున్నది? ఆ అంకెనే హబుల్ స్థిరాంకం అంటారు. హబుల్ చెప్పినది సుమారు 500.

అంత వేగంగా వ్యాకోచిస్తే విశ్వం వయస్సు 200 కోట్ల ఏళ్లే అవుతుంది. భూమిలోని శిలలు అంతకంటె పాతవని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తల్లికంటె బిడ్డ పెద్దదైనది! తప్పు ఎక్కడున్నదో 1952లో వాల్టర్ బాడే బయటపెట్టాడు. సెఫీడ్లు ఒక జాతి కావు, రెండు జాతులు. ఒక జాతి కొలబద్దతో మరొక జాతిని కొలుస్తూ వచ్చారు. దానిని సరిదిద్దగానే ఆండ్రోమెడా రెట్టింపు దూరం పోయినది. నేటి లెక్కలో అది 25 లక్షల కాంతి సంవత్సరాలు. 1958లో అలన్ శాండేజ్ హబుల్ అంకెను 75 దగ్గరకు దించాడు. ఆ తరువాత 50 అని ఒక పక్షం, 100 అని ఒక పక్షం దశాబ్దాల పాటు వాదించుకొన్నాయి. అంతరిక్షంలోని హబుల్ దుర్భిణి సాయంతో వెండీ ఫ్రీడ్‌మన్ బృందం 2001లో 72 అని, అటూ ఇటూ 8 తేడా ఉండవచ్చునని ప్రకటించి ఆ తగవును చల్లార్చినది.

చల్లారిన పొయ్యి మళ్లీ రాజుకొన్నది. ప్లాంక్ ఉపగ్రహం విశ్వం వయస్సు 3,80,000 ఏళ్లప్పుడు వెలువడిన కాంతిని పటంగా తీసినది. దానినుండి 2018లో గుణించిన అంకె 67.4, తేడా 0.5. సెఫీడ్లను, వాటి ఆధారంగా ఒకానొక జాతి సూపర్‌నోవాలను కొలిచిన ఆడమ్ రీస్ బృందం 2022లో చెప్పిన అంకె 73.04, తేడా 1.04. తేడాలను కలిపి చూసినా రెండూ కలవడం లేదు.

సెఫీడ్లు పొరుగు నక్షత్రాలతో కిక్కిరిసి ఉండడం వల్ల కొలత చెడిందేమో అన్న అనుమానం వచ్చినది. మరింత స్పష్టంగా చూడగల జేమ్స్ వెబ్ దుర్భిణితో 1,000కి పైగా సెఫీడ్లను మళ్లీ పరిశీలించి, ఆ అనుమానం నిలవదని రీస్ బృందం 2024లో తేల్చినది. ఇంకోవైపు, వేరే జాతి నక్షత్రాలతో కొలిచిన ఫ్రీడ్‌మన్ బృందానికి ఇంచుమించు 70 వస్తున్నది. రెండు పక్షాల నడుమ ఆ అంకె నిలబడినది.

మీరా సాక్ష్యం

ఇటువంటప్పుడు న్యాయస్థానంలో ఏమి చేస్తారు? కొత్త సాక్షిని పిలుస్తారు. సెఫీడ్లతో సంబంధం లేని మరొక దీపస్తంభం కావాలి. మీరా జాతికి కూడా కాలానికీ కాంతికీ సంబంధం ఉన్నదని 1981లో దక్షిణాఫ్రికా పరిశీలకులు పెద్ద మెజెల్లన్ మేఘంలో చూపి ఉన్నారు. పరారుణ కాంతిలో చూస్తే ఆ సంబంధం బాగా కుదురుతుంది. కారొలైన్ హ్వాంగ్ నాయకత్వంలోని బృందం 2020లో ఆ సాక్షిని ప్రవేశపెట్టినది. 2005లో సూపర్‌నోవా కనబడిన ఒక దూర నక్షత్ర సముదాయంలో 115 మీరాలను ఏరి, వాటి కాలాలను కొలిచి, దూరం కట్టారు. సుమారు 6 కోట్ల కాంతి సంవత్సరాలు. దానిమీద వచ్చిన హబుల్ అంకె 73.3, తేడా 4. తేడా పెద్దది కనుక ఈ ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పలేము. మొగ్గు మాత్రం సెఫీడ్ల వైపున్నది.

ఆ నక్షత్ర సముదాయం పేరు ఎన్‌జీసీ 1559. అది ఉన్న మండలం రెటిక్యులం.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పటం తెరచి సరిచూసుకొన్నాను. రఘునాథాచారి మద్రాసులో దుర్భిణిని దక్షిణ దిగంతానికి వంచి మీరా జాతి చుక్కను పట్టుకొన్న ఆ చిన్న వలలోనే, దాని వెనుక ఎంతో దూరంలో, ఈ 115 మీరాలూ ఉన్నాయి. ఇది కేవలం యాదృచ్ఛికం. సూపర్‌నోవా అక్కడ వెలిగినది కనుక వారు అక్కడ వెదికారు. ఇందులో దైవసంకల్పాన్ని గాని, మన పూర్వుల ముందుచూపును గాని చదవడం న్యాయం కాదు. అయినా ఒక పేరును స్మరించుకోవడానికి యాదృచ్ఛికం చాలినంత సందర్భమే.

ఎవరిది సరి?

పంచాంగంతో పోలిక తెచ్చాను కనుక దాని హద్దు కూడా చెప్పాలి. పాత సిద్ధాంతాల లెక్క ఆకాశంతో పోల్చి దిద్దుకోక వెనుకబడినది. ప్లాంక్ లెక్క అటువంటిది కాదు. దాని పునాది కూడా అతి సూక్ష్మమైన పరిశీలనే. పునాదికీ నేటికీ మధ్య ఉన్న 1,380 కోట్ల ఏళ్లను దాటించే వంతెన మాత్రం సిద్ధాంతం. అందుచేత మూడు అవకాశాలు ఉన్నాయి. నక్షత్రాల కొలతలో ఇంకా పట్టుబడని దోషం ఉండవచ్చు. శైశవకాంతి కొలతలో ఉండవచ్చు. లేదా రెండు కొలతలూ సరైనవై, వంతెనలోనే ఒక రాయి లోపించి ఉండవచ్చు. మూడవదే నిజమైతే, విశ్వంలో మనం ఇంతవరకు పేరు పెట్టని పదార్థమో, శక్తియో ఉన్నదన్నమాట. సూర్యుని పసుపు గీత వంటిదే ఇది. 1868లో గుంటూరు, మచిలీపట్నాలలో ఆ గ్రహణాన్ని చూసినప్పుడు దాని పేరు ఎవరికీ తెలియదు.

ఆరు అంకెల తేడాకు ఇంత రాద్ధాంతమా అని మిత్రులొకరు నాతో అన్నారు. బాడే నాటి కథను గుర్తు చేసుకొంటే జవాబు దొరుకుతుంది. అప్పుడు కూడా అంకె కుదరలేదు. కుదరని అంకెను కప్పిపుచ్చి ఉంటే రెండు జాతుల సెఫీడ్ల సంగతి బయటపడేదే కాదు. దృక్కుకూ గణితానికీ పొంతన కుదరనిచోట శాస్త్రం ముందుకు నడుస్తుంది. రఘునాథాచారి పంచాంగకర్తలతో చెప్పినదీ అదే.

మా తీరానికి దక్షిణాన ఉన్న శ్రీహరికోట 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలోనిదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నది. 2015 సెప్టెంబరు 28న అక్కడినుండే ఆస్ట్రోశాట్ అనే మన సొంత ఖగోళ ఉపగ్రహం నింగికి ఎగసినది. రాకెట్టు లేచినప్పుడల్లా మా ఊళ్లో మిద్దెలెక్కి చూస్తారు. ఎగసిన ఉపగ్రహం ఏమి చూసిందో తెలుగులో చెప్పేవారు మాత్రం తక్కువ. నూటయాభై ఏళ్ల క్రితం ఒక వేధశాల ఉద్యోగి తన జీతపు పనికి అదనంగా శుక్రుని సంక్రమణాన్ని గురించి దేశభాషలలో వ్రాయించాడు. భాషను వృత్తిగా చేసుకొన్న మనవంటివారికి అది మౌనంగా పెట్టిన పరీక్ష వంటిది.

పాఠకులకు ఒక విన్నపం. శ్రవణా నక్షత్రం అందరికీ తెలిసినదే. భాద్రపద ఆశ్వయుజ మాసాలలో సాయంత్రం నెత్తిమీదికి వస్తుంది. దానికి దక్షిణంగా, చాచిన చేతి పిడికిలికి కొంచెం లోపు దూరంలో, పిగాట్ 1784లో పట్టుకొన్న ఈటా నక్షత్రం ఉన్నది. ఏ పరికరమూ అక్కరలేకుండా కంటికి కనబడే సెఫీడ్ అది. రెండు వారాలపాటు ప్రతి రాత్రీ ఇరుగుపొరుగు చుక్కలతో పోల్చి, ఎక్కువా, తక్కువా, సమానమా అన్నది కాగితం మీద వేసుకోండి. ఏడు రోజుల లయ మీకే తెలుస్తుంది. ఇంట్లో చదువుకొనే పిల్లలుంటే వారిచేత వేయించండి. ముందుగా పుస్తకంలోని జవాబు చెప్పవద్దు. చూసినది చూసినట్లు వ్రాయమనండి, అంతే.